ఇనుప పెట్టె విషయమై డ్వైట్‌కి

కాటన్‌వుడ్ రోడ్డు,
లార్క్‌ఫోర్డ్, మోంటానా.
నవంబరు 7, మంగళవారం.

శ్రీ డ్వైట్ రాస్ముసెన్ గారికి,

ఉత్తరం ఎదుటివాడి క్షేమం అడుగుతూ మొదలుపెట్టడం మర్యాద. నువ్వు క్షేమంగానే ఉన్నావని నాకు తెలుసు. శనివారం దాణా కొట్లో ముగ్గురి ముందు నిలబడి నా మనవరాలి గురించి అంత గొంతెత్తి మాట్లాడావంటే నీ ఊపిరితిత్తులు బాగానే పనిచేస్తున్నాయన్నమాట. నా మోకాలి సంగతి నీకు అనవసరం. మర్యాదలు అయిపోయాయి.

నువ్వన్న మాట ఆ సాయంత్రానికే నా వంటింటి దాకా వచ్చింది. "ఓర్విల్ పిల్ల మా పిల్ల సామాన్లో చెయ్యి పెట్టింది. తాళం వేసిన పెట్టె అది. తాళం వేశాక ఇంకేం చెయ్యాలయ్యా, పక్కన కూచుని కాపలా కాయమంటారా?" అన్నావట. కొట్లో ఒకడు నవ్వాడట కూడా. వాడి పేరు నాకు తెలుసు, వాడికి వేరే ఉత్తరం రాస్తాను.

ముప్పై ఏళ్లుగా నీకూ నాకూ మాటల్లేవు. ఆ మౌనం నాకు సుఖంగానే ఉంది. కానీ నా టోవాని దొంగని చేశావు కాబట్టి, ఆ పెట్టె కథ మొదట్నుంచీ నీకు చెప్పక తప్పదు. సగమే తెలుసుకుని ఊరంతా చెప్పుకు తిరగడం నీకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

సెప్టెంబరులో నీ మనవరాలు బ్రెన్నా కాలేజీ ఊరి నుంచి నీకు ఫోన్ చేసింది. పిజ్జా కొట్లో పని ముగించుకుని వస్తుంటే బూడిద రంగు ట్రక్కులో ఒకడు రెండుసార్లు వెంటపడ్డాడనీ, ఒకసారి ఇంటి ఎదుటి ఫుట్‌పాత్ మీద నిలబడి కిటికీ వంక చూస్తున్నాడనీ చెప్పింది. పిల్ల భయపడింది. భయపడాల్సిన విషయమే, అందులో నేను తప్పు పట్టను. నువ్వు మర్నాడే మూడు గంటలు బండి తోలుకుని వెళ్లావు. అందులోనూ తప్పు పట్టను. నేనైనా వెళ్లేవాణ్ణి.

వెళ్లి ఏం చేశావు? మీ ఇంట్లో పిల్లలు గడప దాటి వెళ్లేటప్పుడు తుపాకీ ఇచ్చి పంపడం మీ తాత నాటి ఆచారం. మా ఇంట్లోనూ అదే. పద్దెనిమిదేళ్లప్పుడు మా నాన్న నాకూ ఒక దుప్పటి, ఒక పానాల డబ్బా, ఒక తుపాకీ ఇచ్చి పంపాడు. కాబట్టి నువ్వు ఆరు తూటాల రివాల్వరు ఒకటి ఇనుప పెట్టెలో పెట్టి, అంకెల తాళం వేసి, ఆ పెట్టెను బ్రెన్నా మంచం కిందకి తోశావు. తూటాలు నింపే ఇచ్చావు. ఆ పిల్ల భుజం తట్టి, "ఎవరికీ చెప్పకే తల్లీ. ఆ సియాటిల్ పిల్లకి తెలిసిందంటే ఇంటి ఓనరుకి చెప్పి గోల చేస్తుంది" అన్నావు. తర్వాత దారిలో ఆగి స్టేక్ తిని ఇంటికొచ్చావు. స్టేక్ సంగతి కూడా బ్రెన్నాయే చెప్పింది. నిన్ను చూసి నవ్వుకోవడానికి కాదు, పాపం. నువ్వెంత తృప్తిగా వెళ్లావో చెప్పడానికి.

డ్వైట్, నేను తుపాకులకు శత్రువును కాను. అది నాకంటే నీకే బాగా తెలుసు. ఒంటరిగా పనికి వెళ్లొచ్చే ఆడపిల్ల తన ప్రాణం తాను కాపాడుకోవడానికి ఆయుధం పెట్టుకోవడం ఆమె హక్కు. కానీ నువ్వు తుపాకీ ఇచ్చింది మన పొలం ఇంటికి కాదు. మన ఇళ్లలో తలుపు వెనక తుపాకీ ఉన్నా భయం లేకపోవడానికి కారణం, ఆ ఇంట్లో ఎవరెవరు తిరుగుతారో మనకు తెలుసు. ఎవడు తాగుతాడో, ఎవడికి కోపం ఎక్కువో, ఎవరు ఈ మధ్య అన్నం సరిగా తినడం లేదో మనకు తెలుసు. అక్కడ ముగ్గురు ఆడపిల్లలు అద్దె పంచుకుని ఉంటున్నారు. బ్రెన్నా, మా టోవా, సియాటిల్ నుంచి వచ్చిన ఇమోజెన్. ఒకరి గదిలోకి ఒకరు ఛార్జరు కోసమో సాక్సు కోసమో రోజుకు పదిసార్లు వెళ్లొస్తారు. శనివారం వస్తే ఇరవై మంది వచ్చి బీరు తాగుతారు. వచ్చినవాళ్ల కోట్లన్నీ ఎక్కడ కుప్ప పోస్తారో తెలుసా? బ్రెన్నా మంచం మీద. దాని కిందే నీ పెట్టె. గోడకి గానీ నేలకి గానీ బిగించలేదు. కోటు కింద చంకలో పెట్టుకుని ఎవడైనా హాయిగా తీసుకుపోవచ్చు.

అలాంటి ఇంట్లోకి తుపాకీ వెళ్లేముందు ముగ్గురినీ బల్ల దగ్గర కూచోబెట్టి చెప్పాలి. ఉందని చెప్పాలి, ఎక్కడుందో ఎలా బిగించారో చూపించాలి, వద్దన్నవాళ్లుంటే వినాలి. ఇంటి అద్దె కాగితంలో ఏం రాసుందో చదవాలి. అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, నువ్వు అడగలేదు. ఈ ఇంట్లో ఎవరు సరిగా నిద్రపోవడం లేదు అని.

మా టోవా నిద్రపోవడం లేదు.

నాకూ తెలియదు. అది వేరే సంగతి, దానికి నన్ను నేనే తిట్టుకుంటున్నాను, నీ సాయం అక్కర్లేదు. తల్లి పోయిన దగ్గర్నుంచీ, అంటే తొమ్మిదో ఏట నుంచీ, నా దగ్గర పెరిగిన పిల్ల. ఫోన్లో ప్రతి ఆదివారం "బానే ఉన్నా తాతా, చదువుకుంటున్నా తాతా" అనేది. రసాయనశాస్త్రంలో రెండు పరీక్షలు పోయాయి. ఎవడో కుర్రాడు మాట్లాడటం మానేశాడు. ఆగస్టు నుంచీ గది తలుపు వేసుకుని పడుకునేదట, కానీ నిద్రపోయేది కాదట. ఇదంతా ఇప్పుడు చెబుతున్నారు.

అక్టోబరు 24, మంగళవారం, మధ్యాహ్నం రెండు గంటలకి మిగతా ఇద్దరూ కాలేజీలో ఉండగా మా టోవా నీ పెట్టెను మంచం కింద నుంచి లాగింది. చచ్చిపోదామనుకుంది. ఈ ఒక్క మాట రాయడానికి నేను కుర్చీలోంచి రెండుసార్లు లేచి వెళ్లాను. నువ్వు కుర్చీలో కూచునే చదువు.

ఇక నీ తాళం. నాలుగంకెలు. పదివేల రకాలుగా పెట్టుకోవచ్చు. నువ్వు పెట్టింది 3030. డ్వైట్ రాస్ముసెన్, మన జిల్లాలో జింకల వేటకి వెళ్లే ప్రతి ఇంట్లోనూ తలుపు వెనక ఉండే తుపాకీని థర్టీ-థర్టీ అంటారని పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. సియాటిల్ దొంగని తెచ్చి ఆ పెట్టె ముందు కూచోబెడితే వాడు నెల రోజులు తంటాలు పడేవాడు. మా పిల్లకి ఒకే ఒక్క ప్రయత్నం పట్టింది. ఇరవై తొమ్మిదేళ్లుగా నువ్వు ఈ ఊరి పిల్లలకి తుపాకీ భద్రత పాఠం చెబుతున్నావు. అది తాళం కాదు, మన ఊరివాళ్లందరికీ స్వాగతం చెప్పే బోర్డు.

నేను చదివిన చరిత్ర పుస్తకాల్లో కోటలు చాలానే పడ్డాయి. బయటి ఫిరంగులకు పడినవాటికంటే లోపలి నుంచి గడియ తీయడం వల్ల పడినవే ఎక్కువ. నువ్వు ట్రక్కులో తిరిగేవాణ్ణి చూశావు, గోడ అవతల గదిలో పడుకున్న పిల్లని చూడలేదు. పుస్తకాలు చదివేవాడినని ఎగతాళి చేస్తావు కదా, నువ్వూ ఒకటి చదివి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత జరిగింది విను, ఎందుకంటే నువ్వు "సియాటిల్ పిల్ల" అని మూతి తిప్పిన ఇమోజెన్ గురించి ఇది. ఆ రోజు ఆ పిల్ల క్లాసు రద్దయింది. ఇంటికొచ్చి, బ్రెన్నా గది తలుపు తీసి ఉంటే లోపలికి చూసింది. మా పిల్ల నేల మీద కూచుని ఉంది, పెట్టె ఒళ్లో తెరిచి ఉంది. ఇమోజెన్ పుట్టి బుద్ధెరిగాక తుపాకీని దగ్గర్నుంచి చూడలేదు. నువ్వో నేనో అయితే మీదపడి లాక్కునేవాళ్లం, అప్పుడు ఏమై ఉండేదో ఆలోచించడానికి కూడా నాకు ధైర్యం లేదు. ఆ పిల్ల ఏం చేసిందంటే, గుమ్మంలోనే గోడకి జారబడిపోయింది.

"టోవా, అది నిజమైనదేనా?" అని అడిగిందట.

మా పిల్ల అవునంది.

"నాకు కాళ్లు వణుకుతున్నాయే. నిజంగా లేవలేకపోతున్నా. నువ్వొచ్చి నన్ను వంటింట్లోకి తీసుకెళ్లవా? ప్లీజ్. దాన్ని అక్కడే వదిలేసి రా, నువ్వొక్కదానివే రా" అందట.

అది నటన కాదు. ఆసుపత్రి వరండాలో ఇమోజెన్‌ని నేనే అడిగాను. "నటించేంత తెలివి ఆ టైంలో నాకెక్కడిదండీ, నిజంగానే ప్యాంటు తడుపుకుంటానేమో అనుకున్నా" అంది. మా టోవా పెట్టె మూసి, పక్కన పెట్టి, లేచి వెళ్లి ఆ పిల్లని లేపింది. భుజం పట్టుకుని వంటింట్లోకి నడిపించి మంచినీళ్లిచ్చింది. ఇద్దరూ నేల మీద కూచుని ఏడ్చారు. ఆ తర్వాత ఇమోజెన్ ఫోన్ చేస్తే బ్రెన్నా క్లాసులోంచి పరుగున వచ్చి, ఆ ఇద్దరినీ ఆసుపత్రిలో దింపి, నాకు కబురు చేసి, వెనక్కి వెళ్లి ఆ పెట్టెను తన బండిలో వేసుకొచ్చింది.

నేను అక్కడికి చేరేసరికి నీ మనవరాలు వరండాలో నిలబడి ఉంది. "ఓర్విల్ తాతా, మీకు తిట్టాలనుంటే తిట్టండి, పడతాను. కానీ ముందు నా బండిలో ఉన్నదాన్ని ఏం చెయ్యాలో చెప్పండి" అంది. నాతో పాటు బండి దాకా వచ్చింది. రివాల్వరు మూతి నేల వైపు పెట్టి, తూటాల చక్రం తెరిచి, ఆరు తూటాలూ తీసి నా అరచేతిలో పెట్టింది. ఖాళీ అని చెప్పి చూపించి, తర్వాతే నా చేతికిచ్చింది. నేనూ చూసి ఖాళీ అన్నాను. ఆ పద్ధతి ఆ పిల్లకి నువ్వే నేర్పావు. బాగా నేర్పావు. ఈ ఉత్తరంలో నీకు దొరికే మెచ్చుకోలు ఇదొక్కటే, జాగ్రత్తగా దాచుకో.

"ఆయనకి చెప్పావా?" అని నేనడిగితే, "చెప్పా తాతా. తాళం వేసే కదా ఇచ్చాను అన్నారు. మళ్లీ చెప్పా. మళ్లీ అదే అన్నారు" అని తల దించుకుంది. నీ రివాల్వరు అక్కడి షెరీఫ్ ఆఫీసులో అప్పజెప్పాను. రసీదు ఇందులో పెట్టాను.

మర్నాడు టోవా బట్టల కోసం ఆ ఇంటికి వెళ్లాను. వీధి తలుపు చూశాను. గడియ పడే ఇనుప రేకుని అర అంగుళం మరలు రెండు పట్టుకుని ఉన్నాయి. నాకు డెబ్బై ఏడేళ్లు. బోల్టు వేయించి బయట నుంచి భుజంతో ఒక్క తోపు తోశాను, రేకు ఊడిపోయి తలుపు హాల్లోకి తెరుచుకుంది. ఇమోజెన్ కెవ్వుమంది. బ్రెన్నా, "ఇన్నాళ్లూ దీని వెనకా మేం పడుకున్నది?" అంది. ప్రాణరక్షణ కోసమని మూడు గంటలు ప్రయాణం చేసి వెళ్లినవాడివి, ఆ తలుపు వంక కన్నెత్తి చూడలేదు. మూడంగుళాల మరలు వేయించాను. గుమ్మం ముందు మనిషి కదిలితే వెలిగే దీపం పెట్టించాను. పిజ్జా కొట్టు యజమానితో మాట్లాడితే ఇక నుంచి బ్రెన్నాని ఒక్కదాన్నే పంపనన్నాడు. ట్రక్కు నంబరు పోలీసులకి ఇప్పించాను, వాళ్లు వెళ్లి పలకరించాక వాడు మళ్లీ కనిపించలేదు. ఇవన్నీ అయ్యాక కూడా బ్రెన్నా తుపాకీ కావాలంటే నేనే పక్కన కూచుని నేర్పేవాణ్ణి. కానీ మొదట చేయాల్సినవి ఇవి. తుపాకీ వీటన్నిటి తర్వాత వస్తుంది. నువ్వు చివరిదాన్ని మొదట చేసి, మొదటివాటిని అసలు చేయలేదు.

ఇప్పుడు పాత సంగతి. 1993 వసంతం. నీ కొడుకు కర్టిస్‌కి పన్నెండేళ్లు. నేను పెట్టిన వేట భద్రత పరీక్షలో చేతిలో తుపాకీతో, గొట్టంలో తూటాతో, ముళ్లకంచె దాటాడు. అది ఉత్తుత్తి తూటాయే. నేను వాణ్ణి ఫెయిల్ చేశాను. నువ్వు అందరి ముందు నా దగ్గరకొచ్చి, "చిన్నవాడు ఓర్విల్, ఒక్కసారికి చూసీచూడనట్టు వదిలెయ్. వాళ్లమ్మ కేకు కూడా చేయించింది" అన్నావు. నేను వదల్లేదు. ఏడాది తిరక్కుండా కమిటీలో నలుగురిని పోగేసి, పుస్తకాల పురుగు పిల్లల్ని బెదరగొడుతున్నాడని చెప్పి నన్ను ఆ పనిలోంచి తీయించావు. నా కుర్చీలో నువ్వు కూచున్నావు. నేను పన్నెండేళ్లు చెప్పిన పాఠం అది. కర్టిస్ ఈ రోజు రెండు కాళ్ల మీద నడుస్తూ, నీకో మనవరాలిని ఇచ్చాడంటే, ఆ రోజు వాడు ఏడుస్తూ ఇంటికి వెళ్లడం వల్లనే. మళ్లీ వాడెప్పుడూ తూటా తీయకుండా కంచె దాటలేదని వాడే నాకు చెప్పాడు. నీకు చెప్పి ఉండడు.

ఇక చాలు. దాణా కొట్లో అన్న మాట దాణా కొట్లోనే వెనక్కి తీసుకో. నా పిల్ల దొంగ కాదు. నువ్వు తెరిచి పెట్టినదాన్ని ముట్టుకుంది, అంతే.

నీ మేలు కోరి రాయలేదు కాబట్టి ఆ మాట రాయకుండానే సంతకం చేస్తున్నాను.

ఓర్విల్ టెంగెస్‌డాల్

తా.క. ఇక్కడి దాకా పొద్దున రాశాను. కవరు అంటించి, మధ్యాహ్నం మళ్లీ చించాను. పైన రాసినదాంట్లో అబద్ధం లేదు, కానీ నిజం పూర్తిగా లేదు.

నిన్న ఆసుపత్రిలో టోవాని అడిగాను, మొదటిసారే ఆ నంబరు ఎలా తట్టింది అని. నీ మనవరాలి తాళం కాబట్టి నీ బుర్రలోంచి వచ్చిన నంబరని ఊహించిందేమో అనుకున్నాను. ఆ పిల్ల నా వంక విచిత్రంగా చూసి, "మన తుపాకుల బీరువాది అదే కదా తాతా" అంది.

1981లో మాజీ సైనికుల లీజియన్ హాలు కింది గదిలో నా మొదటి తుపాకీ భద్రత క్లాసు. "కంగారులో కూడా మర్చిపోని నంబరు పెట్టుకోండి. మీ మొదటి తుపాకీది పెట్టుకోండి" అని చెప్పింది నేను. నువ్వు నాకు సాయంగా వచ్చి ముందు వరసలో కూచుని పుస్తకంలో రాసుకున్నావు. పన్నెండేళ్లు, మూడు వందల మంది పిల్లలకి ఆ మాట చెప్పాను. నువ్వు నా దగ్గర నేర్చుకున్నదే మళ్లీ చెప్పావు. ఆ పెట్టెకి తాళం వేసింది నువ్వు, తాళంచెవి ఊరంతా పంచింది నేను.

ఇంకొకటి. శుక్రవారం టోవాని ఇంటికి పంపిస్తున్నారు, నా దగ్గరికే. డాక్టరమ్మ నన్ను విడిగా కూచోబెట్టి ఇంట్లో తుపాకులున్నాయా అని అడిగింది. పద్నాలుగు అన్నాను. తాళం ఉందా అంటే ఉందన్నాను. నంబరు ఆ అమ్మాయికి తెలుసా అంటే తెలియదన్నాను. అబద్ధమని తెలిసే చెప్పాను. వేట రోజులు ఇంకా మూడు వారాలు మిగిలున్నాయి, వాటిని ఇంట్లోంచి పంపడం ఇష్టం లేక చెప్పాను. ఈ రోజు పొద్దున నీ మీద ఇన్ని పేజీలు రాసినవాడు అంతకుముందు రోజు చేసిన పని ఇది.

నంబరు మార్చొచ్చు కదా అంటావు. మార్చాను. మార్చి కుర్చీలో కూచోగానే తెలిసింది, నా బుర్రలో పుట్టే ఏ నంబరైనా ఆ పిల్ల కనిపెట్టేస్తుంది. పదేళ్లు నన్ను చూస్తూ పెరిగింది. ఇంకో నంబరు నాకు పుట్టదు.

ఇందాక డాక్టరమ్మకి ఫోన్ చేసి నిజం చెప్పాను. తుపాకులు ఇల్లు దాటాకే పిల్ల రావాలంది. ఎవరికిస్తారని అడిగింది. ఈ ఊళ్లో నా స్నేహితులు ఐదారుగురు ఉన్నారు. మంచివాళ్లు. క్రిస్మస్ దగ్గర పడగానే నేను వెళ్లి పిల్ల బానే ఉందయ్యా అంటే, జాలిపడి ఇచ్చేస్తారు. టోవా వెళ్లి తాతయ్య పంపాడని చెప్పినా ఇచ్చేస్తారు. నేనెంత బతిమాలినా ఇవ్వని మనిషి ఈ జిల్లాలో ఒక్కడే ఉన్నాడు.

గురువారం మధ్యాహ్నంలోపు ట్రక్కు తీసుకుని రా. పద్నాలుగూ ఖాళీ చేసి వంటింటి బల్ల మీద వరసగా పెడతాను. ఒక్కొక్కటీ నువ్వు చూసుకో, నేనూ చూస్తాను. డాక్టరమ్మ తన నోటితో నీకు చెప్పేదాకా వాటిలో ఒక్కటి కూడా నాకివ్వకు.